పాత ఫెండర్ గిటార్ మీద అరుదైన రంగు కనిపిస్తే అది ఫ్యాక్టరీలో వేసిందో కాదో తేల్చుకోవడం ఎలా?

కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో ఫెండర్ కంపెనీ 1954 నుంచి చేసిన స్ట్రాటోకాస్టర్ (ముద్దుగా స్ట్రాట్) అనే ఎలక్ట్రిక్ గిటార్లలో ఎక్కువ భాగం సన్‌బర్స్ట్ రంగువే. మధ్యలో పసుపు, అంచులకు వచ్చేసరికి నలుపు. 1958లో మధ్యలో ఎరుపు కూడా చేరింది. అందుకే 1960ల నాటిదని చెప్పే గిటార్ లేత నీలంలోనో, గులాబీలోనో, ఆకుపచ్చలోనో మీ ముందుకొస్తే మనసు లాగుతుంది. అమెరికాలో ఉంటున్న మనవాళ్ళకు ఎస్టేట్ సేల్‌లోనో (ఇంటి సామాన్లన్నీ అమ్మేసే చోట), తాకట్టు షాపులోనో ఇలాంటివి అప్పుడప్పుడూ తగులుతుంటాయి. ఆ రంగు ఫ్యాక్టరీలో వేసిందైతే గిటార్ ధర సన్‌బర్స్ట్ కంటే బాగా పైన ఉంటుంది. తర్వాత ఎవరో వేయించిందైతే, అన్నీ ఒరిజినల్‌గా ఉన్న సన్‌బర్స్ట్ ధరలో సగం రావడమే ఎక్కువ. ఇంత తేడా ఉన్నచోట మోసాలు తప్పవు.

నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. రంగును చూసి రంగు గురించి తేల్చకూడదు. పైకి కనిపించే రంగును మళ్ళీ సృష్టించడం చాలా తేలిక. ఎవరూ పట్టించుకోని చోట్లు, అంటే పిక్‌గార్డ్ (బాడీ ముందువైపు స్క్రూలతో బిగించే పలక) కింద, నెక్ పాకెట్‌లో (గిటార్ మెడ బాడీలో కూర్చునే గూడు), స్క్రూ రంధ్రాల అంచుల్లో ఉన్న గుర్తులను సృష్టించడం కష్టం. కింద చెప్పే పనులన్నీ ఆ చోట్లను చదవడానికే. ఇవి ముఖ్యంగా 1954 నుంచి 1968 దాకా వచ్చిన స్ట్రాటోకాస్టర్లకు వర్తిస్తాయి. ఫెండర్ ఇతర మోడళ్ళు జాజ్‌మాస్టర్, జాగ్వార్, జాజ్ బేస్‌లకు కూడా చాలావరకు పనికొస్తాయి.

మొదలుపెట్టే ముందు

గిటార్‌ను తుడవకండి. పాలిష్ వద్దు, థిన్నర్ వద్దు. అసిటోన్‌లో ముంచిన దూదితో రుద్ది, పూత ‘నైట్రో’ (నైట్రోసెల్యులోజ్ ల్యాకర్) అవునా కాదా అని చూడమని ఎవరైనా చెబితే అస్సలు వినకండి. అలా చేస్తే పరీక్షలో తేలిన ఆ ఒరిజినల్ రంగే చెడిపోతుంది. మురికి కూడా సాక్ష్యమే. పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ముందు వెనక, అంచులు, హెడ్‌స్టాక్ (తీగలు బిగించే మరలుండే తల భాగం) అన్నీ ఫోటోలు తీసుకోండి.

సరిగ్గా కూర్చునే స్టార్ స్క్రూడ్రైవర్, చిన్న టార్చ్, అల్ట్రావయొలెట్ టార్చ్, మెత్తటి దుప్పటి, స్క్రూలు వేరువేరుగా పెట్టుకోవడానికి చిన్న గిన్నెలు దగ్గర పెట్టుకోండి. తీగలను ఒక్కసారిగా కత్తిరించకుండా నెమ్మదిగా వదులు చేయండి.

పిక్‌గార్డ్ తీసేటప్పుడు ఇంకో జాగ్రత్త. 1959 నుంచి 1964 దాకా వచ్చిన మూడు పొరల పిక్‌గార్డ్‌లు సెల్యులాయిడ్‌వి. ఏళ్ళు గడిచేకొద్దీ లేత ఆకుపచ్చకు తిరుగుతాయి, కుంచించుకుపోతాయి, స్క్రూల దగ్గర చీలుతాయి. అది బిగుసుకుపోయి రానంటే బలవంతం చేయకండి, ఈ పని తెలిసిన లూథియర్ (గిటార్లు చేసే, బాగుచేసే నిపుణుడు) దగ్గరికి తీసుకెళ్ళండి. అలాగే ఏ వైరునూ సోల్డరింగ్ నుంచి విడదీయకండి. ముట్టుకోని సోల్డరింగ్‌కు కూడా విలువ ఉంది. పిక్‌గార్డ్‌ను తిప్పి పక్కన దుప్పటి మీద పెడితే చాలు, చూడాల్సినవన్నీ కనిపిస్తాయి.

ఒకటి: రంగు సంగతి పక్కన పెట్టి, ముందు ఏడాది తేల్చండి

నెక్ ప్లేట్ మీద సీరియల్ నంబర్ అందరూ మొదట చూసేది. దాన్ని చివరి సాక్షిగా పెట్టుకోండి. నాలుగు స్క్రూలు విప్పితే ఊడివచ్చే రేకు అది. పైగా ఫ్యాక్టరీలో ఆ ప్లేట్లను వరుస ప్రకారం వాడలేదు. స్థూలంగా చెప్పాలంటే, 1950ల చివర నుంచి ఐదంకెల నంబర్లు, 1963 ప్రాంతం నుంచి 1965 దాకా ఐదంకెల ముందు ‘ఎల్’ అక్షరం, 1965 చివర నుంచి ప్లేట్ మీద పెద్ద ‘ఎఫ్’ అక్షరంతో ఆరంకెలు. ఐదంకెల ముందు ‘వి’ అక్షరం ఉంటే, అది 1982 నుంచి ఫెండర్ పాత మోడళ్ళకు నకలుగా చేసిన వింటేజ్ రీఇష్యూ కావచ్చు. అదీ మంచి గిటారే, కానీ వేరే గిటార్.

నెక్ విప్పి చివర, అంటే బాడీలో కూర్చునే భాగం చూడండి. 1962 మొదటి నెలల దాకా అక్కడ పెన్సిల్‌తో నెల, ఏడాది రాసేవారు. ఆ తర్వాత రబ్బరు స్టాంపు వచ్చింది. ‘2 మార్ 62 బి’ అని ఉంటే, 2 అనేది ఆ రోజుల్లో స్ట్రాటోకాస్టర్ నెక్‌కు గుర్తు, మధ్యలోది నెల, ఏడాది, చివరి అక్షరం నట్ (హెడ్‌స్టాక్ దగ్గర తీగలు ఆనే చిన్న పట్టీ) వెడల్పు. అది నెక్ తయారైన తేదీ మాత్రమే. గిటార్ బిగించింది ఆ తర్వాత కొన్ని వారాలకో నెలలకో.

ఇక వాల్యూమ్, టోన్ పాట్‌లు, అంటే ఆ నాబ్‌ల కింద లోపల ఉండే కంట్రోళ్ళు. వాటి మీద అచ్చువేసిన అంకెలు నాకు అన్నిటికంటే ఇష్టమైన సాక్ష్యం. మొదటి మూడు అంకెలు తయారీదారువి: 304 అంటే స్టాక్‌పోల్, 137 అంటే సీటీఎస్. మిగిలినవి ఏడాది, వారం. 304-6320 అని ఉంటే స్టాక్‌పోల్ కంపెనీ 1963లో 20వ వారంలో చేసింది. 1950లలో ఏడాదికి ఒకే అంకె వేసేవారు. గిటార్ పాట్ కంటే పాతది కాలేదు, ఇది గట్టి లెక్క. పాట్ మాత్రం గిటార్ కంటే పాతది కావచ్చు. 1966లో ఫెండర్ పెద్ద మొత్తంలో కొన్న పాట్‌లు తర్వాత కొన్నేళ్ళ గిటార్లలో కూడా కనిపిస్తాయి.

పికప్‌ల (తీగల ధ్వనిని అందుకునే విద్యుత్ భాగాల) అడుగు 1964 మొదటి నెలల దాకా నల్లగా, తర్వాత బూడిద రంగులో ఉంటుంది. ఫ్రెట్‌బోర్డ్ (నెక్ మీద వేళ్ళతో నొక్కే పలక) 1959 మధ్య దాకా మేపుల్, అక్కడి నుంచి 1962 మధ్య దాకా మందంగా చదునుగా అతికించిన రోజ్‌వుడ్, ఆ తర్వాత వంపు తిరిగిన పలచటి రోజ్‌వుడ్. సన్నటి అక్షరాల లోగో 1964 దాకా. పెద్ద హెడ్‌స్టాక్ 1965 చివరి నుంచి. బాడీ తేదీ కొన్ని గిటార్లలో స్ప్రింగుల గూట్లోనో, పికప్ గూట్లోనో పెన్సిల్‌తో ఉంటుంది. రంగు దాన్ని కప్పేసి ఉండొచ్చు కాబట్టి కనిపించకపోతే టెన్షన్ పడకండి.

ఇవన్నీ ఒకే ఏడాది చుట్టూ చేరాలి. నెక్ 1961, పాట్‌లు 1961, పికప్‌ల అడుగు బూడిద రంగు అయితే, పికప్‌లు మారాయని అర్థం. ఒక భాగం మారినంత మాత్రాన రంగు నకిలీ అయిపోదు. కానీ ఆ గిటార్‌ను ఎవరో విప్పారన్నది ఖాయం.

రెండు: ఆ ఏడాదిలో ఆ రంగు ఉండేదా?

1960కి ముందు ఎవరైనా కోరితే ఫెండర్ వేరే రంగు వేసి ఇచ్చేది, కానీ అవి చాలా తక్కువ. తర్వాతే రంగుల చార్టు అచ్చయింది, ధర మీద 5 శాతం అదనం. ఆ రంగులు గిటార్ల కోసం పుట్టినవి కావు. అవి డ్యూపాంట్ కంపెనీ కార్ల రంగులు: మన దగ్గర కార్లకూ బీరువాలకూ పేరుపడిన డ్యూకో, దాంతోపాటు ల్యూసైట్ అనే యాక్రిలిక్ ల్యాకర్. ఫియస్టా రెడ్ ఫోర్డ్ థండర్‌బర్డ్ రంగు. లేక్ ప్లాసిడ్ బ్లూ, డాఫ్నీ బ్లూ, సోనిక్ బ్లూ క్యాడిలాక్‌లవి. సర్ఫ్ గ్రీన్ షెవ్రొలెట్‌ది. ఫోమ్ గ్రీన్ బ్యూయిక్‌ది. ఏ ఊళ్ళోనైనా ఆ డబ్బా దొరికేది కాబట్టి ఫ్యాక్టరీకి సౌకర్యం. ఇదే వెసులుబాటు మోసగాళ్ళకూ ఉంది, ఆ రంగుల ఫార్ములాలు ఈరోజుకీ దొరుకుతున్నాయి.

చార్టు కూడా మారుతూ వచ్చింది. 1963లో షెల్ పింక్ పోయి క్యాండీ ఆపిల్ రెడ్ వచ్చింది. 1965లో ఓషన్ టర్కాయిస్, టీల్ గ్రీన్, బ్లూ ఐస్, చార్‌కోల్ ఫ్రాస్ట్, ఫైర్‌మిస్ట్ గోల్డ్, ఫైర్‌మిస్ట్ సిల్వర్ చేరాయి. అన్ని తేదీలూ 1961ని చూపిస్తున్న గిటార్ మీద టీల్ గ్రీన్ ఉంటే అనుమానం బలమైనదే.

స్ట్రాటోకాస్టర్ హెడ్‌స్టాక్‌కు బాడీ రంగే వేసి ఉంటే ఆగి చూడండి. జాజ్‌మాస్టర్, జాగ్వార్, జాజ్ బేస్‌లకు హెడ్‌స్టాక్ మ్యాచ్ చేయడం మామూలే. స్ట్రాట్‌కు అది చాలా అరుదు.

మూడు: మీరు చూస్తున్న రంగు, వేసినప్పటి రంగు ఒకటి కాకపోవచ్చు

చాలా గిటార్ల మీద రంగు తర్వాత నైట్రోసెల్యులోజ్ క్లియర్ కోటు, అంటే రంగులేని పారదర్శకమైన పూత, వేసేవారు. అది ఏళ్ళ తరబడి పసుపెక్కుతుంది. దాంతో ఒలింపిక్ వైట్ మీగడ రంగుకు, ఇంకా ముదిరితే తేనె రంగుకు తిరుగుతుంది. సోనిక్ బ్లూ లేత ఆకుపచ్చలా కనిపించి సర్ఫ్ గ్రీన్ అనిపిస్తుంది. లేక్ ప్లాసిడ్ బ్లూ ముదురు ఆకుపచ్చకు దిగి షేర్‌వుడ్ గ్రీన్ అని పొరబడేలా చేస్తుంది. ‘ఇలాంటి రంగు చార్టులోనే లేదు’ అని తోసిపుచ్చిన గిటార్లలో కొన్ని నిజానికి ఇలా మారినవే.

పిక్‌గార్డ్ ఎత్తగానే, వెలుతురు తగలని ఆ భాగం అసలు రంగుకు దగ్గరగా ఉంటుంది. పిక్‌గార్డ్ అంచు వెంబడి రెండు రంగుల మధ్య గీత స్పష్టంగా కనిపించాలి. అరవై ఏళ్ళ నాటిదని చెప్పే తెల్ల గిటార్ బయటా లోపలా ఒకే మీగడ రంగులో ఉంటే, ఆ పసుపును ఎవరో టింట్ కలిపి వేసి ఉంటారు. కానీ క్లియర్ కోటు వేయని గిటార్లు కూడా ఉన్నాయి. వాటి రంగు పెద్దగా మారదు, ఆ కారణంతో వాటిని కొట్టేయకండి.

నాలుగు: మేకు రంధ్రాలు, నెక్ పాకెట్

ఇక్కడ తొందరపడకండి. మిగతా అన్నిటికంటే ఇక్కడే ఎక్కువ తెలుస్తుంది.

1964 చివరి దాకా ఫెండర్‌లో బాడీకి రంగు కొట్టే ముందు ముందువైపు కొన్ని సన్నటి మేకులు దిగ్గొట్టేవారు. వెనక భాగం రంగు ఆరేటప్పుడు బాడీ ఆ మేకుల మీద నిలబడేది, రంగు కొట్టిన తలం దేనికీ అంటుకునేది కాదు. రంగంతా ఆరాక మేకులు పీకేసేవారు. అవి పిక్‌గార్డ్, జాక్ ప్లేట్ లాంటి భాగాలు కప్పేసే చోట్లలో ఉండటం వల్ల కొన్నవారికి కనిపించేవి కావు.

ఈ పద్ధతి వల్ల మనకొక గట్టి పరీక్ష దొరికింది. మేకు ఉండగా రంగు పడింది, తర్వాత మేకు తీశారు. కాబట్టి ఒరిజినల్ రంగు ఉన్న బాడీలో ఆ రంధ్రం లోపల రంగు ఉండదు, కర్ర కనిపిస్తుంది. అంచు చుట్టూ మేకు పీకినప్పుడు రంగు కొద్దిగా విరిగి ఉంటుంది. తర్వాత ఎవరైనా రంగు వేస్తే అది రంధ్రంలోకి జారుతుంది, లేదా పుట్టీతో పూడిపోతుంది. టార్చ్‌ను ఏటవాలుగా పట్టుకుని, వీలైతే ఫోన్ మాక్రో కెమెరాతో ఒక్కో రంధ్రాన్నీ ఫోటో తీయండి. 1962 గిటార్‌లో మేకు రంధ్రాలు అసలే లేకపోతే అది రీఫినిష్ (తర్వాత మళ్ళీ వేయించిన రంగు) అని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. ఈ పరీక్ష తెలిసిన మోసగాళ్ళు కొత్త రంగు మీద మళ్ళీ మేకు దించి తీస్తారు. అలాంటప్పుడు రంధ్రంలో తాజా, తెల్లటి కర్ర కనిపిస్తుంది. అరవై ఏళ్ళ రంధ్రంలో కర్ర నల్లబడి, దుమ్ము పట్టి ఉంటుంది.

నెక్ పాకెట్‌కు వేరే కథ ఉంది. 1962-63 ప్రాంతం నుంచి పట్టుకోవడానికి వీలుగా పాకెట్‌లో ఒక కర్ర పట్టీని స్క్రూలతో బిగించి రంగు కొట్టడం మొదలైంది. ఆ పట్టీ కప్పిన మేర రంగు పడదు. అక్కడ అడుగునున్న పసుపు సీలర్ మాత్రమే కనిపించాలి, దాని చుట్టూ రంగు ఉండాలి. కాబట్టి 1964 నాటి గిటార్ నెక్ పాకెట్ నిండా అంచు నుంచి అంచు దాకా నున్నగా రంగు ఉంటే మంచిది కాదు. 1960 గిటార్‌లో అదే నిండు రంగు సరైనది. అందుకే ఏడాది ముందు తేల్చుకోమన్నాను.

అక్కడే ఇంకోటి చూడండి. నెక్ పాకెట్‌లో బిగుతుగా కూర్చోవాలి. చుట్టూ ఖాళీ ఎక్కువ ఉంటే పాత రంగు తీయడానికి కర్రను గీకి ఉండొచ్చు. నెక్ ఎక్కకుండా పట్టేస్తే రంగు మందం పెరిగి ఉండొచ్చు.

ఐదు: పెచ్చులు ఊడిన చోట పొరలు లెక్కపెట్టండి

బెల్టు బకిల్ గీసుకున్న వెనక భాగం, స్ట్రాప్ బటన్ల చుట్టూ, అంచుల మీద రంగు పెచ్చులు ఊడి ఉంటుంది. మీరు గోకి కొత్త పెచ్చు ఊడదీయక్కర్లేదు. ఉన్నవి చాలు. 1956 మధ్య నుంచి రంగు గిటార్లకు ఆల్డర్ కర్ర, పారదర్శకంగా ఉండే బ్లాండ్ రంగుకు యాష్ కర్ర వాడారు. కర్ర మీద పసుపు మరక, సీలర్. చాలా రంగుల కింద తెల్లటి ప్రైమర్, ఆపైన రంగు, చివర క్లియర్ కోటు. క్యాండీ ఆపిల్ రెడ్ అయితే ఎరుపు కింద వెండి లేదా బంగారు మెటాలిక్ పొర ఉంటుంది. ఎరుపు పారదర్శకమైనది కాబట్టే ఆ మెరుపు.

రంగు కింద సన్‌బర్స్ట్ కనిపిస్తే? చాలామంది అక్కడితో ‘రీఫినిష్’ అని తేల్చేస్తారు. నేను అంత త్వరగా తేల్చను. సన్‌బర్స్ట్ సరిగ్గా రాని బాడీల మీద ఫ్యాక్టరీ వాళ్ళే రంగు కొట్టిన సందర్భాలున్నాయి. అప్పుడు మేకు రంధ్రాలూ నెక్ పాకెట్ ఏం చెబుతున్నాయో అదే తీర్పు. ఇంకోవైపు, ది షాడోస్ బ్యాండ్‌లో హ్యాంక్ మార్విన్ 1959 నుంచి వాయించిన ఎర్ర స్ట్రాట్ బ్రిటన్‌లో ఎంత మోజు తెచ్చిందంటే, సన్‌బర్స్ట్ గిటార్లకు ఎరుపు కొట్టించడం అక్కడ మామూలైంది. అవి ఆ కాలం నాటి రంగులే, కానీ ఫుల్లర్టన్‌వి కావు. ఆ తేడాను అమ్మేవాళ్ళు చెప్పాలి.

స్ట్రాట్ బాడీకి వెనక పొట్ట తగిలే చోట, ముందు చెయ్యి ఆనే చోట లోతైన వంపులు ఉంటాయి. రీఫినిష్‌కు ముందు గరుకు కాగితంతో ఎక్కువ రుద్దితే ఆ వంపుల అంచులు మొద్దుబారతాయి. రెండు ఒరిజినల్ గిటార్లను చేత్తో తడిమి చూసినవారికి ఇది వేళ్ళకే తెలుస్తుంది.

ఆరు: చీకటి గదిలో అల్ట్రావయొలెట్

పాత నైట్రో క్లియర్ కోటు ఆ వెలుతురులో లేత ఆకుపచ్చ కలిసిన పసుపుతో వెలుగుతుంది. అదే తలం మీద కొంతమేర మాత్రం నల్లగా కనిపిస్తే అక్కడ టచప్ చేశారని అర్థం. హెడ్‌స్టాక్ లోగో చుట్టూ, పూడ్చిన పాత స్క్రూ రంధ్రాల దగ్గర ఎక్కువగా చూడండి. నెక్ వెనక భాగంతో పోల్చండి. క్లియర్ కోటు వేయని యాక్రిలిక్ రంగులు అలా వెలగవు, అందుకని ఈ ఒక్క పరీక్ష మీద తీర్పు ఇవ్వకండి.

నైట్రో మీద పడే సన్నటి నెర్రెలు కూడా చూడండి. చలికీ వేడికీ సహజంగా పడ్డవి ఒక పద్ధతి లేకుండా ఉంటాయి, వాటిలో మురికి దిగి ఉంటుంది. బ్లేడుతో గీసినవి తిన్నగా, ఒకే దూరంలో ఉంటాయి. 1968 నుంచి ఫెండర్ మందపాటి పాలియెస్టర్‌కు మారింది. దాని తీరు వేరు, పాత నైట్రో నెర్రెలు దాని మీద ఆశించకూడదు.

నమ్మశక్యం కానివి కూడా నిజం కావచ్చు

1968లో ఫెండర్ టెలికాస్టర్ మీద గులాబీ పైస్లీ (మామిడిపిందెల) డిజైన్ ఉన్న గోడకు అంటించే అలంకార కాగితాన్ని అతికించి, పైన క్లియర్ కోటు వేసి అమ్మింది. నీలిపూల డిజైన్ కూడా ఉండేది. గిటారిస్ట్ జేమ్స్ బర్టన్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ వెనక వాయించిన పైస్లీ టెలికాస్టర్ ఆ జాతిదే. అలాగే కొరొనాడో మోడల్‌లో వైల్డ్‌వుడ్ అని ఒకటి వచ్చింది. పెరుగుతున్న బీచ్ చెట్లలోకి రంగు ఎక్కించి, ఆ కర్రతో చేసింది. మొదటిసారి చూసేవారు ఇవన్నీ ఇంట్లో ఎవరో చేసిన పని అనుకుంటారు.

ఇంట్లో చేసిన పనికీ ఒక్కోసారి విలువ ఉంటుంది. బీటిల్స్ బ్యాండ్‌లోని జార్జ్ హారిసన్ తన సోనిక్ బ్లూ స్ట్రాట్‌ను 1967లో తనే రంగురంగులుగా మార్చుకున్నారు. మీ గిటార్‌ను 1960లలో దాని యజమాని అలా మార్చి ఉంటే, పాత ఫోటోలు, రసీదులు వెతకండి. ‘అసలు రంగు బయటికి తీద్దాం’ అని పైరంగు గీకేయకండి.

తేలాక చేయాల్సినవి

ఫోటోలన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టండి: నెక్ చివర తేదీ, పాట్ అంకెలు, పికప్‌ల అడుగు, ప్రతి మేకు రంధ్రం, నెక్ పాకెట్, పిక్‌గార్డ్ కింది రంగు గీత. అమ్మేవాళ్ళు ఈ ఫోటోలు ఇవ్వనంటే ఆ గిటార్‌ను రీఫినిష్ ధరకే చూడండి. కొనాలనుకుంటే వింటేజ్ ఫెండర్లు చూసే నిపుణుడితో, గిటార్ చేతిలో పెట్టి రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోండి. కేసులో ఉన్న ట్యాగులు, పాత తీగల కవర్లు, షాపు బిల్లు ఏవీ పారేయకండి.

అమెరికా నుంచి హైదరాబాద్‌కో, విజయవాడకో తెచ్చే ఆలోచన ఉంటే ఫ్రెట్‌బోర్డ్ గురించి ముందే కనుక్కోండి. ఆ కాలపు రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డుల్లో బ్రెజిల్ రోజ్‌వుడ్ చాలా మామూలు. అది 1992 నుంచి సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ) ఒప్పందం మొదటి అనుబంధంలో ఉంది, అనుమతి పత్రాలు లేకుండా దేశం దాటిస్తే గిటార్‌ను జప్తు చేయవచ్చు. చేరాక రబ్బరు తొడుగులున్న స్టాండ్ మీద మాత్రం పెట్టకండి, రబ్బరు నైట్రోను మెత్తబరచి మరక వేస్తుంది. దాని కేసులోనే ఉంచండి.

తిరిగి బిగించేటప్పుడు ప్రతి స్క్రూనూ ముందు ఎడమవైపు నెమ్మదిగా తిప్పండి. పాత మరలో పడ్డట్టు చిన్న కుదుపు తెలుస్తుంది. అప్పుడు కుడివైపు చేత్తోనే బిగించండి, మెషిన్ వాడొద్దు. పిక్‌గార్డ్ స్క్రూలు ఆనితే చాలు, అంతకు మించి ఒక్క చుట్టు తిప్పినా ఆ పాత సెల్యులాయిడ్ చీలిపోతుంది.